తెడ్డూ తీగల గరిటే

చవకగా దొరికే వంటింటి సామాన్లు కొనొచ్చా అని మా వీధి ఆడవాళ్లు నన్ను అడుగుతుంటారు. అంగడివాడు ఎట్లాగూ పొగుడుతాడు. కొన్నవాళ్లు కొన్నందుకు సిగ్గుపడి పొగుడుతారు. నేను చెత్తను చెత్త అంటానని వాళ్లకు తెలుసు, అందుకే నా దగ్గరికి వస్తారు. తల నెరిసినాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి, అడిగిన ప్రతిదానికీ నోరు నొప్పి పుట్టించుకోకుండా ఈసారి రాసి పెడుతున్నాను.

తాడు పట్టి లాగితే లోపల కత్తులు తిరిగే డబ్బా ఒకటుంది. కంట్లో నీళ్లు రాకుండా ఎర్రగడ్డలు బాగానే తరుగుతుంది. తాడు మాత్రం చుట్టాలు వచ్చిన రోజే తెగుతుంది. వెల్లుల్లి నొక్కే పటకారు శుద్ధ దండగ. సగం వెల్లుల్లి చిల్లుల్లోనే ఇరుక్కుంటుంది, దాన్ని పిన్నీసుతో తోడుకుంటూ కూర్చోవాలి. గుడ్డును ముక్కలు కోసే చట్రం పళ్లు లేని ఇంటికి కూడా అక్కర్లేదు. చపాతీ నొక్కే యంత్రంలోనుంచి వచ్చినవాటిని నా కొడుకు నోరు మూసుకుని తిన్నాడు, మరుసటి రోజునుంచి ఫ్యాక్టరీ క్యాంటీనులో తిన్నాడు. ఉర్లగడ్డ తొక్క తీసే చాకు కొనండి. పొయ్యి వెలిగించే లైటరు కొనండి. ప్లాస్టిక్ టీ జల్లెడ కొనకండి, వేడి తగిలితే ముసలిదాని మూతిలాగా వంకరపోతుంది.

ఇంకొకటి మిగిలింది. గుడ్డు గిలక్కొట్టే స్టీలు తీగల గరిటె. దాని సంగతి చెప్పాలంటే మా వదిన సంగతి చెప్పాలి. ఈ కాగితం మాత్రం వీధిలో ఎవరికీ ఇచ్చేది కాదు.

వదిన అంటే నా మొగుడికి అక్క. కాపురానికి పోయిన చోట మొగుడు ఇంకొకదాన్ని తెచ్చుకుంటే, ట్రంకుపెట్టె తలమీద పెట్టుకుని సుగటూరులో పుట్టింటికి తిరిగి వచ్చేసింది. నేను ఆ ఇంట్లో కాలు పెట్టేసరికే ఆమె వంటింట్లో పాతుకుని ఉంది. నా చేతులు తిప్పి చూసి, ఇవి పేడ ఎత్తడానికి కూడా పనికిరావని మా అమ్మ వింటుండగానే చెప్పింది. నా నోరు చెడ్డదంటారు అందరూ. నేను ఆమె దగ్గర నేర్చుకున్నదాన్నే.

ఆమెకు పిల్లల్లేరు, పొలం లేదు, మెడలో ఏమీ లేదు. ఉన్నదొక్కటే, సంగటి గెలికే చెయ్యి. మా వైపు పూటకొక ముద్ద సంగటి పడకపోతే అన్నం తిన్నట్టు కాదు. ఎసరు మరుగుతుంటే రాగిపిండి గుమ్మరించి, నడిమధ్య తెడ్డుతో బొక్క పొడిచి, మూతపెట్టి ఉడకనివ్వాలి. తర్వాత కుండను దించి, పంగలకర్రతో నేలకు అదిమిపట్టి, తెడ్డుతో గెలకాలి. సగం బలం కాళ్లలోనుంచి రావాలి, సగం భుజంలోనుంచి. కాస్త ఆగితే పిండి ఉండలు కట్టేస్తుంది. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు, అవి గూళ్లు కట్టే రోజుల్లో ఇంటినిండా కూలీలు ఉండేవాళ్లు. అంతమందికీ వదిన ఒక్కతే గెలికేది. ఒక్క ఉండ దొరికేది కాదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కుండ అడుగున ఎర్రగా మాడి అంటుకునే పొర గెలికినవాళ్లకే చెందుతుంది. దాన్ని అడుగంటు అనేవాళ్లం. ఇంకెవరూ దానిమీద చెయ్యి వెయ్యకూడదు. నా మొగుడు పసివాడిగా ఉన్నప్పుడు దాన్ని గీక్కుని తిన్నాడని ఆయన తల్లి గరిటె కాల్చి మోచేతి మీద వాత పెట్టిందట. ఆ మచ్చ కాటికి పోయేదాకా ఉండింది. అందరి తిళ్లూ అయినాక వదిన కుండ ఒళ్లో పెట్టుకుని, గడపలో కూర్చుని, వీధిలో పోయేవాళ్లందరికీ కనపడేట్టు ఆ పొరను గీక్కుని కరకరలాడిస్తూ తినేది. తినడం కాదు అది, చాటింపు.

మా మామ పోయినాక అన్నదమ్ములు వేరుపడ్డారు. సుగటూరు ఇల్లు మా మరిదికి వచ్చింది. మేము కోలారు పక్కన తమకకు చేరినాము, వదిన మాతోనే వచ్చింది. తర్వాత నా మొగుడు పోయినాడు. నా కొడుకు వేమగల్ ఫ్యాక్టరీకి పోయి వస్తాడు. వదిన నోటితో వేగలేక, అత్తను సుగటూరు చిన్నాయన దగ్గరికి పంపేద్దామని వాడు చాలాసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ వాడే మళ్లీ, సంగటి ఎవరు గెలుకుతారు అని నోరు మూసుకునేవాడు. నాకు చేతకాదు. వదిన నన్ను తెడ్డు ముట్టుకోనిచ్చింది లేదు. ఎవరికీ నేర్పలేదు కూడా. గెలికేటప్పుడు ఎవరైనా పక్కన నిలబడితే పొగ వస్తుందని చెప్పి తరిమేసేది. పొగెక్కడిది, గ్యాసు పొయ్యి మీద. ఆ ఇంట్లో తన చోటు ఎందువల్ల నిలబడిందో ఆమెకు బాగా తెలుసు.

అట్లాంటి ఇంటికి కోడలు వచ్చింది. కేజీఎఫ్ పిల్ల. బంగారు గనివాళ్ల లైను ఇళ్లలో పుట్టి, రేషను బియ్యంతో పెరిగింది. సంగటి మింగడం కూడా రాదు, నమిలేది. కోలారులో ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా పని. పొద్దున బస్సుకు పరుగెత్తాలి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి. అందుకని పుట్టింటికి పోయినప్పుడల్లా రాబర్ట్‌సన్‌పేట బజారులో రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీద పరిచి అమ్మే సామాన్లు ఏరుకొచ్చేది. ఇంతకుముందు నేను చెప్పిన చెత్తంతా ఆమె తెచ్చినదే. తెచ్చిన ప్రతిదాన్నీ వదిన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఇది ఏ జంతువు ఎముక అని అడిగేది.

ఒకనాడు వదినకు జ్వరం వచ్చి లేవలేదు. అదే రోజు కోడలి తల్లి బిడ్డను చూసిపోదామని వచ్చింది. కోడలు పంతానికి తెడ్డు పట్టింది. ఉండలు కట్టక ఏం చేస్తుంది. తినేవేళకు వదిన గోడ పట్టుకుని లేచి వచ్చి, వియ్యపురాలి ముందున్న తిండి తట్టలోని ముద్దను రెండు వేళ్లతో చీల్చి, లోపల తెల్లగా పొడిపొడిగా ఉన్న పిండిని అందరికీ చూపించింది. అందరి తట్టల్లోవీ గిన్నెలోకి ఎత్తి, పెరట్లో ఆవు ముందు పెట్టింది. ఆవు వాసన చూసి తల తిప్పుకుంది. పాపం, అది అప్పుడే మేతమేసి ఉంది.

"చూస్తివా వియ్యపురాలా," అన్నది వదిన. "ఇది మూగజీవం. దీనికి మొగమాటం లేదు."

కోడలి తల్లి నీళ్లు మాత్రం తాగి బస్సుకు వెళ్లిపోయింది. కోడలు ఏడవలేదు. గిన్నె తోమింది, తుడిచింది, బోర్లించింది. నాకు అప్పుడే తెలిసింది, ఇది వదినకంటే గట్టి పిండమని.

అప్పటినుంచి కోడలు కొన్నవన్నీ సంగటి మీదికే. మొదట ఫోనులో తెప్పించింది, బ్యాటరీతో తిరిగే మూడు కాళ్ల బొమ్మ. గిన్నెలో నిలబెడితే తనంతట తనే తిరుగుతూ కలుపుతుందట. సాంబారులో తిరిగింది, నిజమే. సంగటిలో పెట్టగానే గుయ్యిమని మూలిగి, మోకాళ్లదాకా దిగబడి ఆగిపోయింది. వదిన పక్కింటివాళ్లను పిలుచుకొచ్చి చూపించింది.

"మూడు కాళ్లుండాయి దీనికి. మా కోడలికంటే ఒకటి ఎక్కువే. అయినా నిలబడలా."

ఆ తర్వాత చాన్నాళ్లు, తట్టలు పెట్టినప్పుడల్లా, మూడు కాళ్లదానికి కూడా ఒక ముద్ద పెట్టనా అని అడిగేది. నా కొడుకు నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కోడలు మజ్జిగ పోసుకునేది.

తీగల గరిటె తెచ్చిన రోజు మాత్రం కోడలు ఎవరికీ చూపించలేదు. వదినను కంటి పరీక్షకు నా కొడుకు పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. వాళ్లు వచ్చేలోపల కోడలు రాగిపిండిని చల్లనీళ్లలో వేసి, ఆ తీగలతో గిలక్కొట్టి, సన్నమంట మీద పెట్టి చిక్కబడేదాకా తిప్పి, ఇంకాస్త పిండి చల్లి, కుక్కరు మూత బిగించింది. ఆఫీసులో ఎవరో చెప్పినారట. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తున్నాను. భుజం కదల్లేదు, చెమట పట్టలేదు. ముద్దలు కట్టి, వదిన వాడే కుండలోనే పేర్చి మూతపెట్టింది.

వదిన కళ్లలో మందు వేయించుకుని, మసకమసకగా చూసుకుంటూ వచ్చింది. ముద్దలు అప్పటికే తట్టల్లో ఉన్నాయి. ఆమె తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరో ఒకరు నోట్లో పెట్టుకుని మొహం చిట్లిస్తారని చూస్తోంది. నా కొడుకు టీవీ చూస్తూ ముద్ద విరిచి పులుసులో ముంచి మింగినాడు. వాడి కూతురు, నా మనవరాలు, అదీ మింగింది. నేను మింగినాను. కాస్త జిగట ఎక్కువ, మాడిన కమ్మదనం లేదు. నాకు తెలిసింది. చెప్పలేదు. సంగటి వేడిగా ఉంది, నాకు ఆకలిగా ఉంది.

నా కొడుకు ఇంకో ముద్ద అడిగినాడు. కోడలు వేస్తూ, ఎట్లుందని అడిగింది.

"ఎప్పుడుండేట్లే ఉండాది. ఏం?"

కోడలు తల తిప్పి వదిన వైపు చూసింది, అంతే. కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. వదిన లేచి వెళ్లి, కుండ ఎత్తి లోపల చెయ్యి పెట్టి తడిమింది.

"అడుగంటు యాడ?"

"లేదు పెద్దమ్మా. కుక్కర్లో చేస్తే అడుగంటదు."

"ఇంగ నేనేం చెయ్యల్ల?"

"కూర్చోండి," అన్నది కోడలు. "గని మూసినప్పుడు మా నాయనను కూడా ఇట్లే కూర్చోమన్నారు. ఆయన చావలా. మీరూ చావరు."

ఆమె గొంతు పెంచలేదు. మా ఇంట్లో ఎవరూ అంత మెత్తగా అంత మాట అని ఉండరు. వదిన దగ్గర నేర్చుకున్న నాకు కూడా రాదు అట్లా.

ఆ నెల తిరగకముందే నా కొడుకు, అత్తను చిన్నాయన ఇంటికి పంపుదామని మళ్లీ అన్నాడు. ఈసారి వాడి నోట్లోనుంచి తర్వాతి మాట రాలేదు. మరిది ఫోనులో సంతోషంగానే ఒప్పుకున్నాడు. గూళ్ల కాలం వస్తోంది, కూలీలకు సంగటి గెలికేవాళ్లు లేక హోటలునుంచి తెప్పిస్తున్నారట. ఆమె చెయ్యి పడితే చాలన్నాడు. గెలకలేకపోతే ఏమిటి అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనేముంది, మాకు తెలుసు. ఉత్తి కడుపును మోసే ఇల్లు కాదది.

వదిన తెడ్డూ పంగలకర్రా పాత చీరలో చుట్టుకుంది. తీసుకుపొమ్మని కోడలే చెప్పింది. వీధిలోకి దిగేటప్పుడు వదిన నన్ను చూసి, "నీ వంతు వచ్చేటప్పుడు చెప్పి పంపు మే. వచ్చి చూస్తా," అన్నది. నేను సరేనన్నాను.

గూళ్లు విప్పే రోజుల్లో సుగటూరుకు పోయినాను. మరిది పెళ్లాం, అంటే నా తోడికోడలు, వసారాలోనే పట్టుకుని వదిన సంగటి గురించి మొదలుపెట్టింది. చుట్టుపక్కల కూలీలు వేరేచోట కూలి ఎక్కువిస్తామన్నా ఇక్కడికే వస్తున్నారట. మీ కోడలికి చేతకాక మాకు దక్కిందని నవ్వింది. వదిన వంట చేసేటప్పుడు తలుపు గడియ పెట్టుకుంటుందని, లోపలికి ఎవరినీ రానివ్వదని, చెయ్యి తిరిగినవాళ్లకు అట్లాంటి పట్టింపులు ఉంటాయని కూడా చెప్పింది. లోపలినుంచి కుండలో తెడ్డు పొడిచే చప్పుడు ధడ్ ధడ్‌మని వినిపిస్తోంది.

నేను వెనకవైపు పోయి తలుపు తట్టినాను. చప్పుడు ఆగింది. ఎవరని అడిగింది. చెప్పినాను. చాలాసేపటికి గడియ తీసింది.

పొయ్యి మీద కుక్కరు ఉంది. వదిన కుడి భుజం జారిపోయి, కొక్కేనికి తగిలించిన రవికలాగా వేలాడుతోంది. ఎడమ చేతిలో తీగల గరిటె. నేల మీద ఖాళీ కుండ, అందులో తెడ్డు. చప్పుడు వచ్చింది ఆ ఖాళీ కుండలోనుంచే.

"గడియ పెట్టు," అన్నది.

పెట్టినాను. ఆమె నన్ను పట్టించుకోకుండా పని చేసుకుంది. కుక్కర్లోది కుండలోకి దించింది. తెడ్డుకు కాస్త సంగటి పూసి, కనపడేట్టు గోడకు ఆనించింది. తర్వాత పెనం కాల్చి, గుప్పెడు సంగటిని పలచగా అద్ది, ఎర్రగా మాడ్చి, కుండ అంచుకు అతికించింది. అడుగంటు. తిళ్లయినాక గడపలో కూర్చుని అందరూ చూస్తుండగా గీక్కోవడానికి. గరిటెను కడిగి, తుడిచి, రాగిపిండి డబ్బాలో అడుగుకు దోపింది.

ఆమె భుజం మా ఇంట్లో ఉన్నప్పుడే పోయిందట. గెలికి గెలికి కీలు అరిగిపోయింది. మా కోడలు ఆ గరిటె తెచ్చేనాటికే రోజూ పళ్లు బిగించి గెలుకుతోందట. ఇక్కడికి వచ్చిన వారానికే చెయ్యి పైకి లేవడం మానేసింది. వేమగల్ సంతలో గరిటె కొని కొంగులో చుట్టి తెచ్చుకుంది. నొప్పని చెప్పి ఉంటే ఏమయ్యేదో నన్ను అడగలేదు. అడగకుండానే ఇద్దరికీ తెలుసు.

"కూలోళ్లు కనుక్కోలేదా?" అన్నాను.

"నీ కొడుకు కనుక్కున్యాడా, వీళ్లు కనుక్కొనేదానికి?" వదిన కుండ మీద మూత సర్దింది. "ఆ పొద్దు మీరందురూ మింగతా ఉంటే చూసినా కదా. అప్పుడు తెలిసింది మే. ఇన్నేండ్లూ నేను గెలికింది ఎవురూ రుచి చూసి తినలా. కడుపు నిండిందంతే. ముందే తెలిసుంటే ఈ భుజమన్నా మిగిలుండును."

గరిటె బాగుందా అని అడిగినాను.

"బాగుండాది. కడిగేది సులువు." పిండి డబ్బాకు మూత బిగించి, "నువ్వు బయట నోరు తెరిస్తే ఇంగ నాకు పోయేదానికి చోటు లేదు. నీకు తెలుసు," అన్నది.

బతిమాలినట్టు లేదు ఆ మాట. బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది.

వసారాలో వరసగా కూర్చున్నాము. తోడికోడలు నా తట్టలో ముద్ద పెట్టి, నేను తినేదాకా ఎదురుగా నిలబడింది. ముద్ద విరిచినాను. మా కోడలు చేసే ముద్దే. అదే జిగట, అదే నున్నదనం. వదిన కుడి భుజాన్ని కొంగుతో కప్పుకుని, గడపలో కూర్చుని కుండ ఒళ్లో పెట్టుకుంది, పెనం మీద మాడ్చినదాన్ని ఎడమ చేత్తో గీకుతోంది. చేతులు కడుక్కున్న కూలీ ఒకడు, అవ్వా మాకూ కాస్త పెట్టు అని వేళాకోళమాడితే, నువ్వు గెలికినావా రా అని తిట్టింది. అందరూ నవ్వినారు.

"ఏమక్కా, మీ ఇంట్లో దొరుకుతుందా ఈ రుచి? యంత్రాలతో చేస్తే వస్తుందా?" అన్నది తోడికోడలు.

ఒక్క మాట చాలు. నన్ను పేడ ఎత్తడానికి పనికిరానన్న నోరు అది. నా కోడలి తల్లిని పస్తు పంపిన చెయ్యి అది. పిండి డబ్బాలో చెయ్యి పెట్టి చూడు అంటే సరిపోతుంది. వదిన గీకడం ఆపింది. తల ఎత్తలేదు.

"యాడొస్తుందమ్మా," అన్నాను. "చెయ్యి అట్లాంటిది."

వదిన మళ్లీ గీకడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. ఆమె మీద జాలిపడి అన్నానని ఎవరూ అనుకోవద్దు. ఆమెను అక్కడినుంచి తరిమితే మళ్లీ నా ఇంటికే రావాలి, అది కూడా నా తలలో ఉంది.

బస్సు దగ్గరికి సాగనంపడానికి ఆమే వచ్చింది. బస్సు కనపడినాక, ఈసారి వచ్చేటప్పుడు గరిటె ఇంకొకటి తెమ్మంది. మొదటిదాని తీగలు వదులైనాయట. సంచిలో పైన పెట్టుకోవద్దని, బట్టల అడుగున పెట్టుకుని రమ్మని చెప్పింది. సరేనని ఎక్కినాను.

మరుసటి రోజు తమక అంగట్లో ఒకటి కొన్నాను. తీగలు నొక్కి, వంచి, పిడి లాగి చూసి మరీ కొన్నాను. ఇంట్లో ఒకటి ఉండగా ఇంకొకటి ఎందుకు అత్తా అని కోడలు అడిగింది. ఉండనీ, పనికొస్తుందన్నాను. నా చీరల అడుగున దాచినాను.